మూడో గోదాం తలుపు

“బస్తాలు మీద పడి మనిషి సచ్చిపోతే డిటెక్టివ్ ఎందుకు మేడం? బస్తాలను అరెస్టు చేస్తరా ఏంది?”

మిర్యాలగూడ శివార్లలోని గోదాముల గేటు ముందు కృప కారు దిగీ దిగకముందే ఇన్‌స్పెక్టర్ శివాజీ వేసిన ఎత్తిపొడుపు అది. అతను జీపుకు ఆనుకుని టీ తాగుతున్నాడు. పక్కనున్న కానిస్టేబుళ్లిద్దరూ నవ్వు కనబడకుండా తలలు తిప్పుకున్నారు.

“అరెస్టు సంగతి తర్వాత. ముందు ఆ బస్తాలను రెండు మాటలు అడగాలె,” అంది కృప.

శివాజీ నవ్వలేదు. ఆమెతో అతనికి పాత పేచీ ఒకటుంది. మేళ్లచెరువు దారిలోని ఒక క్వారీలో కూలి నలిగిపోతే, తాగి పడ్డాడని రాసి శివాజీ ఫైలు మూసేశాడు. కృప దాన్ని తెరిపించింది. ఆ రోజు తాగింది చచ్చిపోయిన కూలి కాదు, క్రేన్ నడిపినవాడని తేల్చింది. పైఅధికారుల ముందు శివాజీ తల దించుకోవాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఆమె పేరు వింటే చాలు, అతనికి ఒళ్లు మండుతుంది.

కృపది సూర్యాపేట. చాలా ఏళ్లు ఫ్యాక్టరీలను తనిఖీ చేసే సర్కారు కొలువు చేసింది. ప్రమాదం జరిగాక వెళ్లి కాగితాలు నింపి రావడం ఆమెకు నచ్చలేదు. కొలువు మానేసి సొంతంగా బోర్డు పెట్టుకుంది. మిల్లుల్లో, గోదాముల్లో, క్వారీల్లో పని చేస్తూ పోయిన ప్రాణాల వెనుక నిజమేమిటో వెదకడమే ఇప్పుడామె వృత్తి.

ఈ మూడు గోదాములూ కోదాడలో ఉండే లక్ష్మీకాంతమ్మవి. చుట్టుపక్కల రైస్ మిల్లుల వాళ్లు బియ్యం బస్తాలు దాచుకోవడానికి కిరాయికి తీసుకుంటారు. నిన్న పొద్దున రెండో గోదాంలో కూలిన బస్తాల కింద హమాలీ మేస్త్రీ ఫూల్‌సింగ్ శవం దొరికింది. నిన్న సాయంత్రమే లక్ష్మీకాంతమ్మ కృపకు ఫోన్ చేసింది. ఏం జరిగిందో చూసి, బస్తాలు ఎలా కూలాయో రిపోర్టు రాసివ్వమని అడిగింది.

“యాక్సిడెంటే అని మీకంత నమ్మకమైతే, ఇంకో హమాలీ బిచ్చా కోసం ఎందుకు వెతుకుతున్నరు?” కృప అడిగింది.

శివాజీ గ్లాసు పక్కన పెట్టాడు. “మీకప్పుడే తెలిసిందా? మొన్న సాయంత్రం పనిలున్నది ఇద్దరే. ఫూల్‌సింగ్, బిచ్చా. ఒకడు సచ్చిండు, ఇంకోడు కనబడతలేడు. మేస్త్రీ పని నాకు కావాలంటే నాకు కావాలని ఇద్దరికీ పడదట. నా లెక్క ప్రకారం బిచ్చా గాడే బస్తాలు మీదికి తోసి పారిపోయిండు. ఫోన్ చేస్తే రింగయితది, ఎత్తడు. టవర్ సూస్తే మిర్యాలగూడలనే ఉన్నడని సూపిస్తుంది. ఏ సందులనో దాక్కున్నడు. ఇయ్యాల కాకుంటే రేపు దొరుకుతడు.”

“మంచిది. నేను లోపల చూడొచ్చా?”

“ఓనరమ్మ ఫోన్ చేసి చెప్పింది కాబట్టి ఆపుతలేను. ఏదీ ముట్టొద్దు. నేనూ వస్త.”

రెండో గోదాం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల నిట్లు పైకప్పు దాకా లేచి ఉన్నాయి. తలుపుకు దగ్గరగా ఉన్న నిట్టు ఒక్కటే ముందుకు కూలింది. కింద బియ్యం చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

కృప కూలిన బస్తాల వైపు కాక, కూలకుండా నిలబడ్డ వాటి వైపు ముందు చూసింది. ఒక వరుస నిలువుగా, దాని మీద ఒక వరుస అడ్డంగా, ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు పేర్చి ఉన్నాయి. పని తెలిసిన చేయి పేర్చిన నిట్టు అది. అలాంటిది ఒక మనిషి తోస్తే కదలదు.

మోకాళ్ల మీద కూర్చుని కూలిన నిట్టు అడుగు వరుస చూసింది. మూలనున్న రెండు బస్తాల గోనె కొక్కెం తగిలి చిరిగి ఉంది. హమాలీలు బస్తా ఎత్తేటప్పుడు కొక్కెం పైఅంచుకు వేస్తారు. ఈ చిరుగులు కింద, నేలకు ఆనుకుని ఉన్నాయి. ఎవరో అడుగు బస్తాలను కావాలని బయటికి లాగారు.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, బస్తాలు తీసినప్పుడు ఫోటోలు తీసిన్రా?”

“తీయకుండ ఉంటమా?” శివాజీ తన ఫోన్ తీసి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు ముఖంలో కొంచెం గర్వం కనబడింది.

ఫోటోలో ఫూల్‌సింగ్ బోర్లా పడి ఉన్నాడు. తర్వాతి ఫోటోలో కానిస్టేబుళ్లు అతన్ని వెల్లకిలా తిప్పుతున్నారు. కృప దాన్ని వేళ్లతో పెద్దది చేసింది. అతని చొక్కా ముందు భాగానికి, చెంపకు బియ్యం గింజలు అంటుకుని ఉన్నాయి. శవాన్ని లేపిన చోట నేల మీద బియ్యం పరుపులా ఉన్నాయి.

“ఇది చూడుండ్రి. మనిషి కింద బియ్యమున్నయ్.”

“అయితే?”

“బస్తాలు మీద పడితే మనిషి నేల మీద పడతడు, బియ్యం మనిషి మీద పడతయ్. ఇక్కడ బియ్యం ముందు పడ్డయ్. వాటి మీద మనిషిని పెట్టిన్రు. తర్వాత మిగతా బస్తాలు కూల్చిన్రు.”

“ముందు ఒక బస్తా పగిలి ఉంటది. ఏందా అని వంగి సూసిండు, మిగతావి పడ్డయ్. గంతే కదా?”

“అట్లయితే నెత్తురేది? ఇన్ని బస్తాల కింద నలిగిన మనిషికి ముక్కు నుంచి, నోటి నుంచి ఒక్క చుక్క రాలేదు. చచ్చిపోయినోడికే నెత్తురు రాదు.”

శివాజీ ఫోన్ లాక్కున్నట్టుగా తీసుకున్నాడు. “అది చెప్పడానికి డాక్టర్లున్నరు. సాయంత్రం దాకా ఆగుండ్రి. మీరిప్పుడు సర్కారు ఆఫీసరు కాదు, యాదికి పెట్టుకోండ్రి.”

కృప తలుపు వైపు తిరిగింది. తలుపు పక్కన గోడకున్న స్విచ్ బోర్డు మూత పగిలి, లోపలి వైర్లు బయటికి కనిపిస్తున్నాయి. రాగి తీగలు కొత్తవాటిలా ఎర్రగా మెరుస్తున్నాయి. అలవాటు కొద్దీ ఆమె వాటిని చూసింది, అంతే. అప్పటికి దానికి అర్థమేమీ లేదు.

మేనేజర్ సురేందర్ ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదు దాటని మనిషి, రాత్రంతా నిద్ర లేనట్టు ముఖం వాచి ఉంది. కృప కుర్చీలో కూర్చోగానే దగ్గు మొదలుపెట్టాడు. అది మామూలు దగ్గు కాదు. కడుపులోంచి తన్నుకొచ్చే పొడి దగ్గు.

“ఒంట్లో బాగలేదా?”

“గోదాంల దుమ్ము మేడం. మాకు అలవాటే.”

“ఎన్నేళ్ల నుంచి పని చేస్తున్నరు?”

“ఆరేండ్లయితది.”

“ఆరేళ్లు అలవాటైన దుమ్ముకు ఇవాళ కొత్తగా దగ్గు వచ్చిందా?”

సురేందర్ రుమాలుతో నోరు తుడుచుకున్నాడు. “వాతావరణం…”

“సరే. ఆ సాయంత్రం ఏం జరిగింది?”

“రెండో గోదాంల కొన్ని బస్తాలు సర్దాలని ఫూల్‌సింగ్‌ను, బిచ్చాను పంపిన. నేను ఆఫీసుల లెక్కలు చూసుకుంట ఉన్న. సీకటి పడుతుంటే ఇంటికి పోయిన. పొద్దున యాదయ్య ఫోన్ చేసిండు. యాదయ్య అంటే మా వాచ్‌మన్. వచ్చి చూస్తే గిట్ల.”

“పోయేటప్పుడు పని అయిందా లేదా చూడలేదా?”

“చూడలే.”

“ఇద్దరు మనుషులు గోదాంలో ఉంటే, మేనేజర్ తాళం సంగతి అడగకుండ ఇంటికి పోయిండా?”

“తాళం యాదయ్య వేసుకుంటడు మేడం.” మళ్లీ దగ్గు. ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“మూడో గోదాం ఎందుకు మూసి ఉంది?”

ప్రశ్న మామూలుగానే అడిగింది. కానీ సురేందర్ దగ్గు ఠక్కున ఆగిపోయింది.

“దాంట్ల మందు పెట్టినం. పురుగు పట్టకుండ గ్యాస్ గోలీలు. వారం పది రోజులు తెరవద్దు.”

“ఎప్పుడు పెట్టిన్రు?”

“మొన్న… మొన్నటి ముందు వారం.”

“ఏదో ఒకటి చెప్పండి.”

“యాదికి లేదు మేడం. పరేషాన్‌ల ఉన్న.”

కృప లేచింది. ఆరేళ్లు పని చేసిన మేనేజర్‌కు గోదాంలో విషపు గ్యాస్ ఎప్పుడు పెట్టాడో గుర్తు లేదంటే నమ్మేది కాదు. ఆ గోలీలకు గాలిలో తేమ తగిలితే చాలు, గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్ పురుగుకూ మనిషికీ తేడా చూడదు. అందుకే మందు పెట్టిన రోజు పెద్దక్షరాలతో తలుపు మీద రాసి, పుర్రె బొమ్మ బోర్డు తగిలిస్తారు.

గేటు దగ్గర గొడవ వినిపించింది. లోపలికి రాబోతున్న ఒక ఆడమనిషిని కానిస్టేబుల్ అడ్డుకుంటున్నాడు. ఆమె ఫూల్‌సింగ్ భార్య రంగి. దవాఖానలో శవాన్ని ఇంకా ఇవ్వలేదని, మనిషి పోయిన చోటైనా చూడాలని వచ్చింది. తండా నుంచి వచ్చిన నలుగురైదుగురు హమాలీలు ఆమె వెనుక నిలబడ్డారు.

“నేను పోలీసును కాదక్కా,” అంది కృప దగ్గరికి వెళ్లి. “మీ ఆయనకు ఏమైందో తెలుసుకుందామని వచ్చిన. నా పేరు కృప.”

రంగి ఆమెను ఎగాదిగా చూసింది. “ఓనరమ్మ పంపిందా?”

“పిలిచింది ఆమెనే. కానీ ఆమె చెప్పింది రాయనీకి రాలేదు.”

రంగి పోలీసులకు కనబడకుండా పక్కకు తిరిగింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక కాగితం పొట్లం తీసింది. “దవాఖానల ఇచ్చిన్రు. ఆయన ఒంటి మీదివట. మొలతాడు ఆయనదే. ఈ కడియం మాత్రం ఆయనది కాదు. మార్చిన్రు.”

కృప కడియం చేతిలోకి తీసుకుంది. నల్లగా, పొయ్యిలోంచి తీసినట్టుంది.

“ఆయనది ఎట్లుంటది?”

“రాగిది. వాళ్ల నాయన పెట్టుకున్నది. చింతపండేసి తోముకునేటోడు. ఎర్రగ నిగనిగ మెరిసేది. ఆ దినం పనికొచ్చెటప్పుడు గూడ తోముకునే వచ్చిండు. దవాఖానోళ్లు అది తీసుకొని గీ ఇనుపది ఇచ్చిన్రు.”

“మీ ఆయన కడియానికి గుర్తేమన్నా ఉందా?”

“లోపల సొట్ట ఉంటది. బండి సక్రం తగిలింది.”

కృప వేలితో లోపలి అంచు తడిమింది. సొట్ట తగిలింది. గోరుతో గట్టిగా గీకింది. నలుపు కింద ఎర్రటి గీత బయటపడింది.

పురుగు మందు గోలీల గ్యాస్ రాగిని పట్టుకుంటే నల్లగా మారుస్తుంది. కొలువులో చేరిన కొత్తలో నేర్చుకున్న మొదటి పాఠాల్లో అదొకటి. రెండో గోదాంలో తీగలు మెరుస్తున్నాయి. అక్కడ గ్యాస్ లేదు. ఫూల్‌సింగ్ చేతి కడియం మాత్రం నల్లబడింది.

“అక్కా, ఇది ఆయనదే,” అంది మెల్లగా. “ఎవరూ మార్చలేదు. దీన్ని భద్రంగా పెట్టుకో. నేను అడిగేదాకా ఎవరికీ ఇవ్వకు.”

రంగి కడియాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఏడవలేదు. “ఎవరు చంపిన్రు?” అని మాత్రం అడిగింది.

“ఇంకా తెలియదు. ఎక్కడ పోయిండో తెలిసింది.”

కృప నేరుగా మూడో గోదాం వైపు నడిచింది. శివాజీ వెంట వచ్చాడు. “ఇప్పుడేంది మేడం? కేసు రెండో గోదాంల. అక్కడ చూసుడు అయిపోయిందా?”

మూడో గోదాం ఇనుప తలుపు మూసి, గడియకు తాళం వేసి ఉంది. తలుపు అంచుల చుట్టూ గ్యాస్ బయటికి రాకుండా వెడల్పాటి టేపు అంటించారు. టేపు తెల్లగా, దుమ్ము పట్టకుండా ఉంది. దాని కింద, పక్కలకు, పాత టేపు చింపేసిన జిగురు మరకలు కనిపిస్తున్నాయి. తలుపు పైన గోడకు నాలుగు మేకులున్నాయి. వాటి మధ్య చోటు వెలిసిపోకుండా కొత్త రంగులా ఉంది.

“బోర్డు ఏది?” వెనుకే వచ్చిన సురేందర్‌ను కృప అడిగింది.

“గాలికి పడిపోయింది.”

“నాలుగు మేకులూ గోడకే ఉన్నయ్. బోర్డు మాత్రం గాలికి పోయిందా?”

కృప పైకి చూసింది. వెంటిలేటర్‌కు అట్ట పెట్టి మూశారు. దాని కింద గోడవారగా రెండు పిచ్చుకలు చచ్చిపడి ఉన్నాయి. వాటికి చీమలు కూడా పట్టలేదు. ఆమె తలుపు వైపు ఒక అడుగు వేసి, వెంటనే వెనక్కి వచ్చింది. చేపలు కుళ్లినట్టు, వెల్లుల్లి నలిగినట్టు సన్నటి వాసన.

“ఇన్‌స్పెక్టర్‌గారూ, ఫూల్‌సింగ్ పోయింది ఈ తలుపు వెనుక. ఈ గోదాం ఒకసారి తెరిచి మళ్లీ మూసిన్రు. మందు పెట్టి గడువు కాకముందే మనుషులను లోపలికి పంపిన్రు. మనిషి పడిపోతే తీసుకుపోయి రెండో గోదాంల బస్తాల కింద పెట్టిన్రు.”

“రుజువేంది?”

“అతని భార్య చేతిలున్నది. అంతకంటే ముందు మీరొక పని చేయాలె. బిచ్చాకు ఫోన్ చేయండి.”

“నిన్నటి నుంచి చేస్తనే ఉన్నం కదా. ఎత్తడు.”

“ఎత్తాలని కాదు. చేయండి.”

శివాజీ విసుగ్గా ఫోన్ తీసి నంబర్ నొక్కాడు. చెవి దగ్గర పెట్టుకుని, “అయితుంది రింగు” అన్నాడు.

కృప చేయి ఎత్తి అందరినీ ఆగమంది.

మొదట ఏమీ వినపడలేదు. దూరంగా రోడ్డు మీద ఒక లారీ పోయింది. దాని చప్పుడు తగ్గాక, ఇనుప తలుపు వెనుక నుంచి సన్నగా ఒక పాట వినిపించింది. తండా పెళ్లిళ్లలో ఆడవాళ్లు పాడే పాట. కీప్యాడ్ ఫోన్ గొంతుతో, గరగరమంటూ వస్తోంది.

శివాజీ ఫోన్ కట్ చేశాడు. పాట ఆగిపోయింది.

అందరూ ఒకేసారి కదిలారు. “బిచ్చా!” అంటూ హమాలీలు తలుపు మీదికి పరుగెత్తారు. శివాజీ వాళ్లకంటే ముందే తలుపు చేరాడు. “తాళం! తాళం తేరా!” అని సురేందర్ మీద అరుస్తూ టేపు పీకడానికి చేయి వేశాడు.

కృప అతని చేయి పట్టుకుని వెనక్కి గుంజింది.

“ముట్టొద్దు!”

“లోపల మనిషున్నడు!”

“ఉన్నడు. మీరు పోతే ఇద్దరైతరు. వీళ్లు మీ వెనుక వస్తే ఎందరైతరో తెల్వదు. కాసేపు పీలిస్తే చాలు, తిరిగొచ్చే ఓపిక ఉండదు. ఫైరింజన్‌ను పిలవండి. ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నోళ్లే లోపలికి పోవాలె.”

“అప్పటిదాక వాడు…”

“నాకు తెల్వదా?” కృప అరిచింది. “పిలవండి ముందు!”

శివాజీ ఆమె ముఖంలోకి చూశాడు. ఏం కనిపించిందో, చేయి దించేసి ఫోన్ తీశాడు.

హమాలీలు ఆగేలా లేరు. ఒకడు గడ్డపార అందుకున్నాడు. కృప వెళ్లి తలుపుకు కొద్ది దూరంలో చేతులు చాపి అడ్డంగా నిలబడింది. ఎవరో ఆమెను తిట్టారు. గుంపు చీల్చుకుని రంగి ముందుకొచ్చింది.

“నా మొగడు పోయిండు. వీడన్న బతకొద్దా? ఎందుకాపుతున్నవ్?”

“అక్కా, ఫూల్‌సింగ్ ఎట్ల పోయిండో చెప్పమన్నవ్ కదా. ఇట్లనే పోయిండు. లోపల ఏమున్నదో చెప్పకుండ పంపితే పోయిండు. వీళ్లను నేను తెలిసి తెలిసి పంపనా?”

రంగి వెనక్కి తిరిగి లంబాడీలో గట్టిగా ఏదో అరిచింది. గడ్డపార పట్టుకున్నవాడు దాన్ని నేల మీదికి విసిరేసి అక్కడే కూలబడ్డాడు.

ఆ ఎదురుచూపు కృపకు నరకంలా ఉంది. లోపలి మనిషి బతికే ఉంటే, ఈ ఆలస్యం ఆమె చేసిందే. ఆమె ఊరికే నిలబడలేదు. గాలి ఎటు వీస్తోందో చూసి అటువైపు వాళ్లందరినీ పక్కకు పంపింది. ఎవరూ ఫ్యాన్ గానీ లైటు గానీ వేయొద్దని, బీడీ వెలిగించొద్దని, ఆ గ్యాస్‌కు నిప్పురవ్వ తగిలితే మంట లేస్తుందని చెప్పింది. గోదాముల వెనుక వరుస ఇళ్లలోని పిల్లలను రోడ్డు అవతలికి పంపించమని శివాజీకి చెబితే, అతను మారు మాట్లాడకుండా కానిస్టేబుళ్లను ఉరికించాడు.

సురేందర్ ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. శివాజీ అతని దగ్గరా వాచ్‌మన్ యాదయ్య దగ్గరా ఫోన్లు లాక్కుని జీపులో పడేశాడు. యాదయ్య అరవై దాటిన బక్కపలచటి మనిషి. గేటు పక్కన గోడకు వీపు ఆనించి నేల చూస్తూ కూర్చున్నాడు.

“చెప్పు,” అన్నాడు శివాజీ, మేనేజర్‌తో.

“లారీ లోడుకు బస్తాలు తక్కువ పడ్డయ్ సార్.” సురేందర్ మాటల మధ్య దగ్గుతున్నాడు. “మూడో దాంట్లకెల్లి తీసిద్దామనుకున్న. మందు పెట్టి ఎక్కువ రోజులు కాలే. ఏం కాదులే అనుకున్న. బోర్డు తీసేసిన, సూస్తే లోపలికి పోరని. ఫూల్‌సింగ్ నిట్టు మీద కప్పిన పట్టా లేపి కిందికి దూరిండు. లేవలే. బిచ్చా వాన్ని లాగనీకి పోయిండు. నేను ముక్కుకు తువ్వాల కట్టుకుని లోపలికి పోయి, చేతికి దొరికినోన్ని లాక్కొచ్చిన. ఫూల్‌సింగ్ దొరికిండు. అప్పటికే పానం లేదు.”

“మరి బిచ్చా?”

“కనబడలే సార్. బయటికి ఉరికిండేమో అనుకున్న. నాకు కండ్లు తిరిగినయ్. నీళ్ల నల్ల కాడికి పోయి కక్కుకున్న. మళ్ల వచ్చేసరికి తలుపు మూసి టేపు పెట్టి ఉంది. ఒట్టు సార్, నేను మూయలే.”

“శవాన్ని బస్తాల కింద పెట్టుమని ఎవరు చెప్పిన్రు?” కృప అడిగింది.

“నా తెలివే.”

“దగ్గుతూ కక్కుకుంటున్న మనిషికి అంత తెలివి ఎట్ల వచ్చింది?”

సురేందర్ రుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఫైరింజన్ వచ్చింది. మాస్కులు పెట్టుకుని, వీపున సిలిండర్లు కట్టుకున్న ఇద్దరు ముందు నిచ్చెన వేసి వెంటిలేటర్లు తెరిచారు. తర్వాత టేపు కోసి, తాళం తీసి, తలుపును బయటికి లాగి పూర్తిగా గోడకు ఆనించి లోపలికి వెళ్లారు. ఎంతో దూరం వెళ్లనక్కర్లేకపోయింది. వెంటనే బయటికొచ్చారు, ఇద్దరి మధ్యా ఒక మనిషిని మోస్తూ.

హమాలీల్లో ఎవరో గుండెలు బాదుకున్నారు. బిచ్చా బిగుసుకుపోయి ఉన్నాడు. ఫైర్‌మన్ మాస్కు తీసి, శివాజీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“నిన్న పొద్దటికే పోయి ఉంటడు సార్. ఫోన్ ఒంటి మీద లేదు, లోపలెక్కడో పడిపోయినట్టుంది. తలుపు కాడనే ఉన్నడు.”

తలుపు కాడనే. ఆ మాట విని కృప తలుపు వైపు తిరిగింది. ఎప్పుడూ లోపలికి ఉండే దాని ముఖం ఇప్పుడు ఎండలో ఉంది. ఇనుము మీద రంగు లేచిపోయి గీతలు పడి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. నిలువుగా, అడ్డంగా, ఒకదాని మీద ఒకటి. పైన లోతుగా మొదలై, కిందికి వచ్చేకొద్దీ తేలిపోయాయి. నిలబడి మొదలుపెట్టి, కూర్చుని, చివరికి పడుకుని కూడా కొట్టాడు. ఫైర్‌మన్ తెచ్చి కింద పెట్టిన కొక్కెం మొన వంగిపోయి ఉంది.

శివాజీ టోపీ తీసేశాడు. “బతికే ఉన్నడు,” అన్నాడు. “మూసేటప్పుడు బతికే ఉన్నడు మేడం.”

“అవును. ఇగ ఇది యాక్సిడెంట్ కాదు.”

ఇద్దరూ ఒకేసారి యాదయ్య వైపు నడిచారు. ముసలాయన గోడకు ఇంకా ఒదిగిపోయాడు.

“టేపు నువ్వే పెట్టినవ్ కదా పెద్దాయనా?” కృప అతని ముందు కూర్చుంది. “లోపల చప్పుడైతుంటే పెట్టినవ్.”

యాదయ్య కళ్లు మూసుకున్నాడు. బుగ్గల మీద నీళ్లు కారాయి. “నేను చెప్పింది చేసేటోన్ని అమ్మా. తలుపు తీయమంటే తీస్త, మూయమంటే మూస్త.”

“ఎవరు మూయమన్నరు?”

యాదయ్య చూపు జీపు వైపు పోయింది. సీటు మీద సురేందర్ ఫోన్ వెలుగుతూ ఆరుతూ ఉంది.

“ఇందాకటి నుంచి మోగుతనే ఉంది సార్,” అన్నాడు కానిస్టేబుల్.

ఆ ఫోన్ ఆగిపోయింది. ఆగిన కాసేపటికి కృప బ్యాగులోని ఫోన్ మోగింది. లక్ష్మీకాంతమ్మ.

కృప శివాజీకి కళ్లతో సైగ చేసి, స్పీకర్ పెట్టింది.

“ఏమ్మా కృపా, సురేందర్ ఫోన్ ఎత్తట్లేదేంటి? పోలీసులేమన్నా విసిగిస్తున్నారా?” కోదాడ నుంచి వచ్చే ఆ గొంతు తీరిగ్గా, ఆప్యాయంగా ఉంది. “నువ్వు చూడటం అయిపోయిందా?”

“అయిపోవచ్చిందమ్మగారూ.”

“నిట్టు సరిగా పేర్చలేదని రాసెయ్యమ్మా. మేస్త్రీ వాడే కదా, పేర్చింది కూడా వాడే. పాపం, ఎవరినేమనగలం? నీలాంటి దాని సంతకం ఉంటే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఏమీ అనరు. రంగికి నేను ఏదో ఒకటి చేస్తాలే.”

తనను ఎందుకు పిలిచిందో కృపకు అప్పుడు తేటతెల్లమైంది. ఆవిడకు కావాల్సింది విచారణ కాదు, సంతకం. కృప గొంతులో ఏ మార్పూ రానివ్వలేదు.

“రాస్తానమ్మా. ఒక్క యాదయ్యను అడగడమే మిగిలింది.”

“వాడినేం అడుగుతావు? తాగుబోతు ముసలాడు. తాగితే వాడికి లేనిపోనివి వినపడతాయి. తలుపు బాదుతున్నాడంటాడు, నీళ్లు అడుగుతున్నాడంటాడు. అవన్నీ పట్టించుకోకు.”

యాదయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. రంగి, హమాలీలు, ఫైర్‌మన్లు, అందరూ ఆ ఫోన్ వైపే చూస్తున్నారు. శివాజీ ఫోన్ మీదికి వంగాడు.

“ఎవరమ్మా తలుపు బాదింది?” అంది కృప.

ఫోన్‌లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరో దూరంగా గిన్నెలు సర్దుతున్నారు.

చాలాసేపటికి లక్ష్మీకాంతమ్మ మళ్లీ మాట్లాడింది. గొంతులో ఆప్యాయత లేదు.

“అమ్మాయ్… నీ పక్కన ఎవరున్నారు?”